విండోస్ 11కి మారాలా? ముందు మీ టెస్ట్ డేట్ చూసుకోండి

"అన్నయ్యా, ల్యాప్‌టాప్‌లో ఏదో మెసేజ్ వస్తోంది. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందంట. కింద అప్‌గ్రేడ్ అని ఉంది. నొక్కేయనా?"

రాత్రి పదిన్నరకి మా బాబాయి కూతురి ఫోన్. బీటెక్ ఫైనలియర్, హాస్టల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ ఏ మోడల్, ర్యామ్ ఎంత, చార్జర్ తీస్తే ఎంతసేపు వస్తుంది అని వరసగా అడిగాను. అన్నీ చెప్పింది. ఫోన్ పెట్టేసేముందు మాత్రం తాపీగా, "ఎల్లుండి పొద్దున ఆన్‌లైన్ టెస్ట్ ఉందిలే, ఆలోపు అయిపోతుందిగా?" అంది.

"ఏదీ నొక్కకు తల్లీ. ముందు టెస్ట్ రాసెయ్యి. తర్వాత చూద్దాం."

"మరి హ్యాకర్లు?"

"రెండు రోజుల్లో కొంపలేం మునిగిపోవులే."

రెండు నెలలుగా జూనియర్ల దగ్గర్నుంచి నాకు వస్తున్న ఫోన్లన్నీ ఇలాంటివే. అందరూ 'మారాలా, వద్దా' అనే అడుగుతున్నారు. ఎప్పుడు మారాలి అని ఒక్కరూ అడగడం లేదు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి అసలు ప్రశ్న అదే.

సపోర్ట్ పోతే ఏం పోయినట్టు?

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. పదేళ్లు దాటాక, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది. చాలామంది దీన్ని సిమ్ వ్యాలిడిటీ అయిపోవడం లాంటిదనుకుని కంగారుపడుతున్నారు. కంప్యూటర్ రోజూలాగే ఆన్ అవుతుంది. మీ వీఎస్ కోడ్, పైథాన్, జావా, బ్రౌజర్ అన్నీ నడుస్తాయి. విండోస్ 7కి సపోర్ట్ పోయింది 2020 జనవరిలో. దాని మీద క్రోమ్ కొత్త వెర్షన్లు రావడం ఆగింది 2023లో. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మర్నాడే పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోవు.

ఆగిపోయింది నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు. ఇక్కడో మెలిక ఉంది. విండోస్ 10, 11 రెండింటి లోపల కోడ్ చాలావరకు ఒకటే. విండోస్ 11లో ఒక కన్నం పూడ్చారంటే, అదే కన్నం విండోస్ 10లో ఎక్కడుందో దొంగకి అడ్రస్ చెప్పినట్టే. నెలలు గడిచేకొద్దీ అలాంటి అడ్రస్‌లు పోగవుతాయి. విండోస్ 10లో ఉండే డిఫెండర్‌కి వైరస్‌లను గుర్తుపట్టే సమాచారం 2028 అక్టోబర్ వరకు అందుతూనే ఉంటుంది, నిజమే. అంటే గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది, గోడకి పడిన కన్నం మాత్రం ఎవరూ పూడ్చరు.

2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై గుర్తుందా? ఫైళ్లన్నీ తాళం వేసేసి డబ్బులడిగిన వైరస్. ప్రపంచమంతా ఆస్పత్రులు, ఫ్యాక్టరీలు ఆగాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది అదే ఏడాది మార్చిలో. రెండు నెలల ముందే మందు ఉంది. చాలాచోట్ల వేసుకోలేదంతే.

అందుకే 'నాది బానే నడుస్తోంది, ఎందుకు మార్చాలి' అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పైగా ఉద్యోగం వెతుక్కునేవాడు మిగతావాళ్లకంటే ఎక్కువ రిస్క్‌లో ఉంటాడు. ఆలోచించండి. ముక్కూమొహం తెలియని హెచ్ఆర్ పేరుతో మెయిల్ వస్తుంది, ఆఫర్ లెటర్ అని ఒక ఫైల్ ఉంటుంది, తెరవకుండా ఉండగలరా? నెలకి అలాంటివి ఎన్ని తెరుస్తున్నారు? అదే ల్యాప్‌టాప్‌లో మీ ఆధార్, పాన్ స్కాన్‌లు, మార్కుల మెమోలు, ఒక్కోసారి నాన్న నెట్ బ్యాంకింగ్ కూడా ఉంటాయి.

కాబట్టి ప్యాచ్‌లు రాని విండోస్ మీద ఏళ్ల తరబడి ఉండిపోవడం తప్పు. అలాగని ఈ రాత్రే నొక్కేయడం కూడా తప్పే. ఎందుకంటే...

నేను చేసిన ఘనకార్యం

2018. నా ఫైనలియర్. ఓ కంపెనీ ఆఫ్‌క్యాంపస్ కోడింగ్ రౌండ్, రూమ్ నుంచే రాయాలి, పొద్దున తొమ్మిదింటికి. ముందురోజు రాత్రి పన్నెండు దాటాక పెద్ద అప్‌డేట్ ఒకటి రెడీగా ఉందని స్క్రీన్ మీద వచ్చింది. అప్పటికి నెలరోజులుగా 'తర్వాత' అని నొక్కుతూ వస్తున్నా. పడుకునేముందు పెడితే పొద్దుటికి అయిపోతుంది కదా అని సరే నొక్కేశా. తప్పు నూటికి నూరుపాళ్లు నాదే.

నాది పాత హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్. రెండింటికి లేచి చూస్తే 30 శాతం. నాలుగింటికి 64. ఆ గుండ్రటి చుక్కలు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నా. ఏడుంపావుకి డెస్క్‌టాప్ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నా. తొమ్మిదికి పది నిమిషాల ముందు టెస్ట్ లింక్ తెరిస్తే కెమెరా నల్లగా ఉంది. కెమెరా కనిపించకపోతే టెస్ట్ మొదలవదు. డ్రైవర్ తీసి మళ్లీ వేసి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, లోపలికి వెళ్లేసరికి 25 నిమిషాలు పోయాయి.

సెలెక్ట్ కాలేదు. అప్‌డేట్ వల్లే పోయిందని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. రెండో ప్రాబ్లం డైనమిక్ ప్రోగ్రామింగ్, అది ఎలాగూ నాకొచ్చేది కాదు. కానీ మొదటిది వచ్చు. దానికి టైం చాల్లేదు.

అదే ఏడాది అక్టోబర్లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్‌లో కొందరి డాక్యుమెంట్లు మాయమవుతున్నాయని తేలి, వారం తిరక్కముందే దాన్ని ఆపేశారు. సరిచేసి మళ్లీ ఇచ్చింది నవంబర్లో. తొలిరోజే ఎక్కేయాలనే సరదా నాకు అప్పట్నుంచి పోయింది.

ఇప్పుడు నా లెక్క ఇది. టెస్ట్‌గానీ ఇంటర్వ్యూగానీ ఉంటే, దానికి ముందు కనీసం వారం రోజులు ల్యాప్‌టాప్‌లో ఏదీ మార్చను. విండోస్ సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను ఐదు వారాల దాకా పాజ్ చేసుకోవచ్చు. వరసగా డ్రైవ్‌లు ఉన్న నెలలో అలా పాజ్ చేసి, అవి అయ్యాక తీసేయండి. తీయడం మర్చిపోతే అది ఇంకో కథ అవుతుంది.

మీ ల్యాప్‌టాప్ ఒప్పుకుంటుందా?

విండోస్ 11కి కావాల్సినవి చదివితే తేలిగ్గానే ఉంటాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్. వీటితోపాటు ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. చాలామంది ఆగిపోయేది ఈ చివరిదాని దగ్గరే.

ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆ తర్వాతవి ఉండాలి. నంబర్ చదవడం సులువు. ఐ5-7200యూ అంటే ఏడో తరం, కుదరదు. ఐ5-8250యూ అంటే ఎనిమిది, కుదురుతుంది. ఐ5-1135జీ7 అని ఉంటే మొదటి రెండంకెలు కలిపి చదవాలి, పదకొండో తరం. ఏఎండీ నంబర్లు చూసి చెప్పడం నాకే తికమకగా ఉంటుంది, అందుకే మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ వేసి చూడమంటాను. అవునో కాదో, కాకపోతే ఎందుకు కాదో చెప్పేస్తుంది.

'కాదు' అని వచ్చినా కారణం చదవండి. ప్రాసెసర్ అని ఉంటే చేసేదేం లేదు. టీపీఎం అని ఉంటే మాత్రం చిప్ లేదని కాకుండా ఆఫ్‌లో ఉందని అర్థం కావొచ్చు. ముఖ్యంగా అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో. బయోస్‌లోకి వెళ్తే ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, అది ఆన్ చేయాలి.

మన దగ్గర ఇంకో సమస్య ఎక్కువ. ల్యాప్‌టాప్ స్లో అయిందని షాపులో ఇస్తే ఫార్మాట్ కొట్టి, పాత పద్ధతిలో లెగసీ మోడ్‌లో విండోస్ వేసి ఇచ్చేస్తారు. యంత్రం కొత్తదే అయినా సెక్యూర్ బూట్ లేదని చూపిస్తుంది. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి, బయోస్ మోడ్ అన్నచోట లెగసీ అని ఉందేమో చూడండి. ఉంటే బయోస్‌లో ఊరికే మోడ్ మార్చేయకండి, విండోస్ అసలు లేవదు. డిస్క్‌ని ముందు జీపీటీలోకి మార్చాలి, విండోస్‌లోనే అందుకు టూల్ ఉంది. ఎప్పుడూ చేయకపోతే మాత్రం తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఇక 4 జీబీ ర్యామ్ సంగతి. కాగితం మీద సరిపోతుంది. చేతిలో సరిపోదు. క్రోమ్‌లో ఆరు ట్యాబులు, పక్కన ఒక ఐడీఈ, మీటింగ్ ఒకటి తెరిస్తే విండోస్ 11 నీరసపడిపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటేనే మారమని నా సలహా. హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. విండోస్ మార్చడంకంటే ఆ ఒక్క పనికే ఎక్కువ తేడా తెలుస్తుంది. నేను నా పాత ల్యాప్‌టాప్‌కి అదే చేశా, ఇప్పుడది మా అమ్మ సీరియళ్లు చూసుకోడానికి హాయిగా నడుస్తోంది.

ఈ టైంలో మారలేనివాళ్లకి

టెస్టులు వరసగా ఉన్నాయి, లేదా ప్రాసెసర్ పాతది. అలాంటివాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా ఊపిరి పీల్చుకునే దారి ఉంది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, పొట్టిగా ఈఎస్‌యూ. ఇందులో చేరితే విండోస్ 10కి ముఖ్యమైన సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆ తేదీ దాకా వస్తూనే ఉంటాయి. కొత్త ఫీచర్లు మాత్రం ఉండవు.

ఇది డబ్బులిచ్చి కొనుక్కోవాలని చాలామంది అనుకుంటున్నారు. 30 డాలర్లకు సమానమైన మొత్తం కట్టే దారి ఒకటుంది. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో 1000 పాయింట్లు ఇచ్చే దారి ఇంకోటి. మూడోది ఉచితం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైనిన్ అయి, మీ పీసీ సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే చాలు. స్టూడెంట్లకి నేను చెప్పేది ఈ మూడోదే. ఫొటోలు, డాక్యుమెంట్లు కూడా బ్యాకప్ పెట్టేస్తే వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఇట్టే నిండిపోతుంది, అది గమనించుకోండి.

చేరడానికి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఎన్‌రోల్ అనే లింక్ కనిపిస్తుంది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. లింక్ కనిపించకపోతే పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి మళ్లీ చూడండి. ఒకే అకౌంట్ మీద 10 కంప్యూటర్ల దాకా చేర్చుకోవచ్చు కాబట్టి ఇంట్లో నాన్న వాడే సిస్టమ్ కూడా చేర్చేయండి.

విండోస్ 11లో ఉన్నవాళ్లు 'మాకేం లే' అనుకోకండి. దానిలోనూ వెర్షన్లున్నాయి. 23హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకి 2025 నవంబర్ 11తోనే అప్‌డేట్లు ఆగాయి. రన్ బాక్స్‌లో విన్‌వెర్ అని ఇంగ్లిష్‌లో కొడితే మీదేదో తెలుస్తుంది. 24హెచ్2 గానీ 25హెచ్2 గానీ ఉండాలి.

అడ్డదారులు, సెకండ్ హ్యాండ్ బేరాలు

ప్రాసెసర్ పాతదైనా ఇన్‌స్టాల్ చేసే ట్రిక్కులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. రూఫస్ లాంటి టూల్‌తో ఆ తనిఖీలు తీసేసి పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవచ్చు. పని చేస్తుంది కూడా. నేనూ సరదాకి ఓ పాత డెస్క్‌టాప్ మీద చేశా. కానీ అలాంటి యంత్రాలకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని దారిలో వెళ్లడం దేనికి? ఇంట్లో రెండో కంప్యూటర్ ఉంటే ప్రయోగాలు చేయండి. ఉన్నదొక్కటే, అందులోనే ఇంటర్వ్యూలంటే వద్దు.

దీనివల్ల సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త మోసం మొదలైంది. కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర్నుంచి జిల్లా కేంద్రాల దాకా అమ్ముతారు. మంచి యంత్రాలే, నేనూ కొన్నాను. కానీ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్ ఉన్నవాటి మీద ఈ ట్రిక్కుతోనే విండోస్ 11 వేసి, 'చూడండి సార్, లెవెన్ నడుస్తోంది' అని చూపిస్తారు. నడవడం చూసి కొనకండి, ప్రాసెసర్ నంబర్ చూసి కొనండి.

ఇంకోటి చూడాల్సింది బిట్‌లాకర్. నా జూనియర్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో మంచి ల్యాప్‌టాప్ కొన్నాడు. ఏడాది వాడాడు. విండోస్ 11 కోసం బయోస్‌లోకి వెళ్లి ఏదో మార్చి రీస్టార్ట్ చేస్తే నీలి స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందని వాడికి తెలియనే తెలియదు. ఆ కీ వెళ్లింది మొదట సెటప్ చేసినవాళ్ల అకౌంట్‌లోకి. వాళ్లెవరో షాపువాడికీ తెలియదు. చివరికి మొత్తం తుడిచేసి కొత్తగా వేయాల్సొచ్చింది. మేజర్ ప్రాజెక్ట్ డాక్యుమెంటేషన్ సగం పోయింది, మిగతా సగం టీమ్‌మేట్ మెయిల్‌లో ఉండబట్టి దొరికింది.

కొత్త ల్యాప్‌టాప్ అయినా ఇదే జాగ్రత్త. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో విండోస్ సెటప్ చేసి ఉంటే, పాసవుట్ అయ్యాక ఆ ఐడీ మూసేస్తే మీ కీ కూడా దాంతోపాటే పోవచ్చు. ఇవాళే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ అని వెతకండి. ఆన్‌లో ఉంటే రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోండి. నవ్వకండి, కాగితమే మంచిది. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే బీరువా తాళం బీరువాలో పెట్టినట్టే.

కొత్తది కొనాలా అని అడిగేవాళ్లకి ఒక మాట. ఫైనలియర్లో, ఉద్యోగం రాకముందు, కేవలం విండోస్ 11 కోసం ఇంట్లో అప్పు చేయించి ల్యాప్‌టాప్ కొనొద్దు. ఈఎస్‌యూతో 2026 అక్టోబర్ దాకా లాగొచ్చు. ఈలోపు ఉద్యోగం వస్తే చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాళ్ల ల్యాప్‌టాప్ వాళ్లే ఇస్తాయి. అప్పుడు మీ డబ్బులతో మీకు నచ్చింది కొనుక్కోవచ్చు.

లైనక్స్ వేసేయొచ్చుగా?

సీఎస్ఈ వాళ్లు తప్పకుండా అడుగుతారు. పాత ప్రాసెసర్‌కి ఉబుంటు, మింట్ లాంటివి బ్రహ్మాండంగా ఉంటాయి. అప్‌డేట్లు ఉచితం, కమాండ్ లైన్ అలవాటవుతుంది, సర్వర్లు, క్లౌడ్ వైపు వెళ్లేవాళ్లకి అది పెట్టుబడే. నేను రోజూ పని చేసేది దాని మీదే.

చిక్కంతా టెస్టులతోనే. కెమెరా, స్క్రీన్ గమనిస్తూ పెట్టే పరీక్షల్లో కొన్ని ప్రత్యేక బ్రౌజర్ వేసుకోమంటాయి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌నే తీసుకోండి, విండోస్‌కి ఉంది, మ్యాక్‌కి ఉంది, లైనక్స్‌కి లేదు. కాబట్టి విండోస్ 10ని ఈఎస్‌యూతో ఉంచి, పక్కన డ్యూయల్ బూట్‌లో లైనక్స్ వేసుకోవడం మేలు. టెస్టులకి ఇది, నేర్చుకోడానికి అది. వేసే పని కూడా టెస్టులు లేని వారంలోనే పెట్టుకోండి.

విండోస్‌లోనే ఉండి లైనక్స్ నేర్చుకోవాలంటే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. అది విండోస్ 10లో కూడా పని చేస్తుంది. ఆ మాటకొస్తే కోడింగ్ నేర్చుకోడానికి విండోస్ 11లో ఉండి 10లో లేనిది నాకేమీ కనపడలేదు. మీ ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ వాడిస్తుంటే అది డాస్‌బాక్స్ మీద రెండింట్లోనూ ఒకేలా వస్తుంది.

'కంపెనీల్లో 11 వాడతారు, అలవాటు లేకపోతే?' అని ఒకమ్మాయి అడిగింది. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది, రైట్ క్లిక్ మెనూ మారింది. అలవాటుకి ఒక పూట పడుతుంది. రెజ్యూమెలో 'ఆపరేటింగ్ సిస్టమ్స్: విండోస్ 7, 8, 10' అని నేనూ రాశాను ఒకప్పుడు. ఏ ఇంటర్వ్యూలోనూ దాని గురించి అడగలేదు. డెస్క్‌టాప్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. టీపీఎం అంటే ఏమిటి, లెగసీకి యూఈఎఫ్ఐకి తేడా ఏమిటి, ఫైళ్లు పోకుండా అప్‌గ్రేడ్ ఎలా చేస్తారు... ఇవన్నీ వాళ్ల రోజువారీ పనిలో భాగం. మీ ల్యాప్‌టాప్ మీద మీరే చేసి చూస్తే చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది.

నొక్కే రోజు

అన్నీ సరిపోయాయి, పది రోజుల దాకా టెస్టులేమీ లేవు. ఈ పది రోజులు నేను ఊరికే చెప్పడం లేదు. అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోయినా, ఏదైనా పని చేయకపోయినా సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి మళ్లీ విండోస్ 10కి తిరిగిరావడానికి 10 రోజులే గడువు ఉంటుంది. ఆ తర్వాత పాత ఫైళ్లు చెరిపేస్తుంది.

సంక్రాంతి సెలవులు చాలామందికి మంచి టైం. ఇంటికెళ్తే నెట్ ఎలా ఉంటుందో చూసుకోండి. డౌన్‌లోడే కొన్ని జీబీలుంటుంది, రోజుకి 2 జీబీ ఫోన్ ప్లాన్‌తో హాట్‌స్పాట్ పెట్టి కూర్చుంటే మధ్యలో ఆగుతుంది. హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ కానిచ్చి, ఇన్‌స్టాల్ చేసుకుని మరీ బయల్దేరడం నయం.

ముందు రెజ్యూమె, సర్టిఫికెట్లు, ప్రాజెక్ట్ ఫోల్డర్ రెండు చోట్ల దాచండి. ఒకటి గూగుల్ డ్రైవ్, ఇంకోటి పెన్‌డ్రైవ్. కోడ్ గిట్‌హబ్‌లోకి తోసేయండి. సి డ్రైవ్‌లో ఖాళీ చూసుకోండి, ఎర్రగీత కనిపిస్తుంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పాత సినిమాలు తీసేయాల్సిందే. బిట్‌లాకర్ కీ రాసుకున్నారో లేదో ఇంకోసారి చూడండి.

చార్జర్ పెట్టే చేయాలి. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్నచోట చేయండి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే చాలావరకు అదే వెనక్కి సర్దుకుంటుందిగానీ, ఆ అదృష్టాన్ని మీరు పరీక్షించక్కర్లేదు.

అప్‌గ్రేడ్ విండోస్ అప్‌డేట్ పేజీలో వస్తే అక్కడ్నుంచే చేయండి, లేకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి. లైసెన్స్‌తో నడుస్తున్న విండోస్ 10 నుంచి మారడం ఉచితం, కాబట్టి టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన లింక్‌తో పని లేదు. మీది 32 బిట్ విండోస్ అయితే మాత్రం నేరుగా అప్‌గ్రేడ్ కాదు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో, మొత్తం కొత్తగా వేసుకోవాలి.

అయ్యాక చేయాల్సిన మొదటి పని వాల్‌పేపర్ మార్చడం కాదు. కెమెరా యాప్ తెరిచి మొహం కనిపిస్తోందా చూడండి. మైక్‌లో మాట్లాడి రికార్డు చేసి వినండి. మీరు రాసే టెస్ట్ ప్లాట్‌ఫామ్‌లో సిస్టమ్ చెక్ లింక్ ఉంటే అది నడపండి. ప్రాజెక్ట్ ఒకసారి రన్ చేయండి. వైఫై తీసి మళ్లీ కలపండి. వీటిలో ఏదైనా మొరాయించి, ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ వేసినా లొంగకపోతే, ఆ 10 రోజుల్లోపు వెనక్కి వచ్చేయండి. అందులో నామోషీ ఏం లేదు.

మా చెల్లి టెస్ట్ విండోస్ 10 మీదే రాసింది. మర్నాడు ఫోన్లో నేను చెప్తుంటే ఈఎస్‌యూలో చేరింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దాని ల్యాప్‌టాప్‌ది ఎనిమిదో తరం ప్రాసెసరే, ర్యామ్ 8, ఎస్ఎస్‌డీ ఉంది. ఇంకో రెండు డ్రైవ్‌లు ఉన్నాయట. అవి అయ్యాక, భోగికి ముందు ఆదివారం మా ఇంట్లో కూర్చుని మారుద్దామనుకున్నాం. పెన్‌డ్రైవ్ తెచ్చుకోమన్నాను. బిట్‌లాకర్ కీ మాత్రం ఇప్పటికే రాసేసిందట, డేటా స్ట్రక్చర్స్ నోట్సు చివరి పేజీలో.